నీలనగమా, నల్లగొండా? బాపు సగంలో ఆపేసిన పాదం

నల్లగొండ (ప్రశ్న):
గుంపులోని అందరికీ నమస్కారం. ఒక పద్యపాదం కావాలి. మా బాపు (నాన్న) సగం చదివి ఆపేశారు, మిగతాది నోటికి రావట్లేదంటున్నారు. నాలుగు రోజులుగా ఇంట్లో ఇదే మాట.

కొత్త కారుకు బయానా ఇచ్చాం. రంగు ఏదో శుక్రవారంలోగా చెప్పాలి. నాకూ మా పాపకూ ముదురు నీలం నచ్చింది. షోరూంలో అరచేయంత రేకుముక్క మీద ఆ రంగు వేసి చూపించారు. ట్యూబ్‌లైటు కింద అది నలుపు. గుమ్మం దాటి ఎండలోకి తెస్తే నీలం, కొంచెం వంచితే నెమలి మెడ. బాపు లోపల కుర్చీలోంచి లేవలేదు. "ఇది నలుపు. శనీశ్వరుని రంగు. మన వాకిట్ల వద్దు" అన్నారు. నీలం బాపూ అన్నాను. "నీలమన్నా నలుపే బిడ్డా" అని, "నీల... సన్నిహిత భాను భంగి..." అని ఎత్తుకుని అక్కడే ఆగిపోయారు. నీల తర్వాత 'గిరి' ఉందనీ, అది మన ఊరి పాత పేరేననీ ఆయన నమ్మకం.

పాదం పూర్తిగా ఎలా ఉంటుంది? అందులో నీలం నీలమేనా, నలుపా?

దేవరకొండ (విశ్రాంత తెలుగు పండితులు):
అమ్మా, పోతన భాగవతం, అవతారిక, తనకు రాముడు కనిపించిన తీరు చెప్పే 'మెఱుఁగు చెంగటనున్న' సీసం, నాలుగో పాదం. "నీలనగాగ్ర సన్నిహిత భానుని భంగి ఘన కిరీటము దలఁ గలుగువాఁడు." నీలపు కొండ కొనన ఉన్న సూర్యుడిలా తల మీద గొప్ప కిరీటం ఉన్నవాడు అని. గిరి కాదు, నగం, అదీ కొండే. 'భాను భంగి' కాదు, 'భానుని భంగి'. ఆ 'ని' ఊడితే పాదం కుంటుతుంది. బాపుగారికి నా నమస్కారాలు చెప్పండి. ఈ వయసులో సగం పాదమైనా నాలుక మీదికి వచ్చిందంటే చిన్నప్పుడు గట్టిగానే చదివారు.

మిర్యాలగూడ:
సార్, మా నాయన కూడా 'భాను భంగి' అనే చదివేవారు. 'భానూ' అని కాస్త సాగదీస్తే ఎక్కడా తట్టుకోదు. నలభై ఏళ్లు విన్న చెవి నాది.

దేవరకొండ:
పాడితే తట్టుకోదు, రాగం కప్పేస్తుంది. కాగితం మీద పెట్టి, గురులఘువులు గుర్తించి గణాలు విడగొట్టి చూడండి. 'నీలన' భగణం. 'గాగ్రస' రగణం, ఎందుకంటే 'స' వెనక 'న్ని' ఉంది. 'న్నిహితభా' నగం. 'నునిభంగి' సలం. ఇప్పుడు 'ని' తీసేయండి. 'నుభంగి' మిగులుతుంది, అది జగణం. సీసంలో ఇంద్రగణం (నల, నగ, సల, భ, ర, త అనే ఆరింటిలో ఒకటి) ఉండాల్సిన చోట జగణాన్ని పోతన పెడతారా? మీరు సాగదీసి 'భానూభంగి' అంటే 'నూభంగి' తగణమై గణం కుదురుతుంది, కానీ 'భాను'కు అక్కడ దీర్ఘం ఎక్కడిది?

నల్లగొండ, రామగిరి:
పండితుల వారు కోపగించుకోకపోతే ఒక మాట. బాపుగారి 'గిరి'ని అంత తేలిగ్గా కొట్టేయలేం. 'నీలగిర్యగ్ర సన్నిహిత' అని వేసుకుని చూడండి. 'నీలగి' రగణం, 'ర్యగ్రస' రగణం, ఆ తర్వాత అంతా మామూలే. యతి కూడా నీ-ని కుదురుతుంది. అంటే ఛందస్సు అడ్డు చెప్పడం లేదు. మా ఊరు ఒకప్పుడు నీలగిరి, బహమనీల కాలంలో నల్లగొండ అయింది. ఇటు లతీఫ్ సాహెబ్ గుట్ట, అటు కాపురాల గుట్ట. పొద్దు గుట్ట నెత్తి మీదికి వచ్చే వేళ క్లాక్ టవర్ దగ్గర నిలబడి చూసినవాడికి ఈ పాదం ఎక్కడ పుట్టిందో వేరే చెప్పాలా?

దేవరకొండ:
గణం కుదరడం వేరు, కవి రాయడం వేరు. 'ర్యగ్ర' అని రాళ్లు నమిలిన చప్పుడు ఆ సీసంలో ఇమడదు. పాదమంతా 'న' ఎలా నడిచిందో వినండి: నీల, నగ, సన్ని, భాను, ని, ఘన. ఆరు నకారాలు. మీ గిరి ఒకదాన్ని మింగుతుంది, మిర్యాలగూడ వారి పాఠం ఇంకొకదాన్ని మింగుతుంది. పోతన చెవి అంత మొద్దు కాదు.

వనపర్తి:
పాఠం సంగతి సరే, అక్క అడిగిన అర్థం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అమరం (సంస్కృత నిఘంటువు అమరకోశం) చూడండి: "కృష్ణే నీలాసిత శ్యామ కాల శ్యామల మేచకాః". నలుపు పేర్ల వరసలోనే నీలం ఉంది. మన తెలుగువాళ్లూ అలాగే తీసుకున్నారు. నీలకంఠుడు మనకు కఱకంఠుడు, కఱ అంటే నలుపు. నీలోత్పలం మనకు నల్లకలువ. శనిస్తోత్రంలో 'నీలాంజన సమాభాసం' అంటాం, అంజనం కాటుకే కదా. నీలగిరి నల్లగొండ కావడం కూడా అదే అనువాదం. బాపుగారిదే పైచేయి.

కొల్లాపూర్:
అక్కా, పుస్తకం మూసి ఒకసారి సోమశిల రండి. కృష్ణ ఒడ్డున నిలబడి తెల్లవారుజామున అవతలి నల్లమల చూడండి. పేరులో నల్ల ఉంది, కంటికి కనిపించేది నీలం. దగ్గరిది ముదురు, దాని వెనకది లేత, ఆ వెనకది ఆకాశంలో కలిసిపోయినంత పలచన. ఆ మలకు పేరు పెట్టినవాళ్లు గుడ్డివాళ్లు కాదు. వాళ్లకు నల్ల అనే మాటలోనే ముదురు నీలం ఉంది. నల్లకలువ అన్నారు, ఆ పువ్వు ఏ రంగులో ఉంటుందో చెరువులో చూసినవాళ్లం చెప్పగలం. దసరానాడు మనం చూసే పాలపిట్టను ఉత్తరాదిలో నీలకంఠ్ అంటారు. దాని రెక్క విప్పితే నలుపు అనేవాడు ఉంటాడా?

మిర్యాలగూడ:
తమిళంలో నల్ల అంటే మంచి. నల్లమల అంటే మంచికొండ ఎందుకు కాకూడదు? నల్లగొండా అంతే. అప్పుడు రంగు గొడవే ఉండదు.

వనపర్తి:
మరి నీలగిరి అన్న పేరును ఏం చేస్తారు? నీలానికి మంచి అన్న అర్థం ఏ నిఘంటువులో ఉంది?

సూర్యాపేట (డెంటింగ్ పెయింటింగ్ షాపు):
నేను గుంపులో చదవడమే తప్ప రాయను. పద్యం గురించి మాట్లాడే అర్హత లేదు కానీ ఆ రేకుముక్క గురించి చెప్పగలను. సాదా రంగు వేరు, మెటాలిక్ వేరు. మెటాలిక్‌లో సన్నని అల్యూమినియం పొలుసులు కలుస్తాయి, పెర్ల్ అయితే అభ్రకం. ఆ రంగు మీద అద్దం లాంటి క్లియర్ కోటు ఉంటుంది. ఎండ సూటిగా పడితే పొలుసులు వెలుగును మన కంటికి తిప్పి కొడతాయి, అప్పుడు నీలం బయటపడుతుంది. పక్కనుంచి చూస్తే, లేదా వెలుగు తక్కువైతే, పొలుసులు పడుకున్నట్టే, అంతా నలుపు. అక్క చెప్పింది నిజమే, బాపు చెప్పిందీ నిజమే.

కొనేముందు ఒకటి గుర్తుంచుకోండి. ముదురు రంగు మీద దుమ్ము పొడిగుడ్డతో తుడిస్తే సాలెగూడు లాంటి గీతలు పడతాయి, ఎండలో అవన్నీ లేచి కనబడతాయి. ముందు నీళ్లు కొట్టి, తర్వాతే గుడ్డ. తలుపు మీద గీత పడితే సాదా తెలుపు అయితే ఆ తలుపుతోనే పోతుంది. మెటాలిక్ అయితే పక్క రేకు మీదికి కూడా పలచగా కొట్టుకుంటూ పోయి కలపాలి, లేకపోతే అతుకు తెలుస్తుంది. తర్వాత రంగు మార్చాలనుకుంటే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి.

వనపర్తి:
అన్నా, అర్హత లేదంటూనే మా కళ్లు తెరిపించారు. ఇప్పుడా సీసం మొదటి పాదం మళ్లీ చదవండి. "మెఱుఁగు చెంగటనున్న మేఘంబు కైవడి". మేఘం పక్కన మెరుపు. నాలుగో పాదంలో కొండ పక్కన సూర్యుడు. పోతన ఆ చీకటి రంగును ఒంటరిగా ఎక్కడ వదిలాడు? ప్రతిసారీ పక్కన ఒక వెలుగును నిలబెట్టాడు. నలుపు అని నేనన్నది వెనక్కి తీసుకోను కానీ, వెలుగు తగిలినప్పుడు లోపలి నుంచి నీలం తేలే నలుపు అది. మీ అభ్రకం అన్న మాట కూడా అభ్రంలోంచి వచ్చిందే, అభ్రం అంటే మేఘం. రాత్రి ఇది తట్టాక నాకు నిద్ర పట్టలేదు.

గద్వాల:
మా పాలమూరు ఎర్రమట్టికీ ఎండకీ తెల్లకారే నయం, లోపల వేడి తక్కువ. తెలుపు అంటే చప్పగా ఉంటుందని ఎవరైనా అంటే పోతన 'శారద నీరదేందు' వినిపించండి. ఒక్క సరస్వతీదేవి కోసం పదహారు తెలుపులు పోగేశాడు. శరత్కాలపు మబ్బు, చంద్రుడు, కర్పూరం, గంధం, హంస, మల్లెదండ, మంచు, నురగ, వెండికొండ, రెల్లుపువ్వు, ఆదిశేషుడు, మొల్ల, మందారం, పాలసముద్రం, తెల్లతామర, ఆకాశగంగ. ఒకదానిలా ఇంకొకటి ఉండదు. గంధం తెలుపులో మీగడ ఉంది, కర్పూరం తెలుపులో నిగనిగ ఉంది. షోరూం వాళ్లు సాదా తెలుపు, పెర్ల్ తెలుపు అని రెండే చూపిస్తారు.

రామగిరి:
పదిహేడు. 'మల్లికా', 'హార' విడివిడిగా తీసుకోవాలి. హారం అంటే ముత్యాల హారం.

గద్వాల:
మల్లెపూల హారం ఒకటే. అక్కడ ముత్యం ఎక్కడిది?

రామగిరి:
హారం అన్న మాటకే ముత్యాల సరం అన్న అర్థం ఉంది. పువ్వులదైతే దండ. పోతన ఒక్కో మాటకు ఒక్కో తెలుపు ఇస్తూ వచ్చి, మల్లెల దగ్గర మాత్రం రెండు మాటలు ఖర్చు పెట్టాడంటారా?

గద్వాల:
'శారద నీరద' రెండు మాటలే, 'సుధా పయోధి' రెండు మాటలే. లెక్క అలా కట్టకూడదు.

దేవరకొండ:
ఇద్దరూ ఆ పద్యాన్ని నోటికి చెప్పగలిగినవారే కాబట్టి తగువు అందంగా ఉంది, సాగనివ్వండి. నేను మళ్లీ రాముడి దగ్గరికి వస్తాను. ఆ దర్శనం ఎప్పుడైందో ఎవరూ గుర్తుచేయలేదు. పున్నమి రాత్రి, చంద్రగ్రహణం. కవి గంగలో స్నానం చేసి ఇసుకతిన్నె మీద ధ్యానంలో ఉన్నాడు, "కించిదున్మీలిత లోచనుండనై", అంటే కళ్లు అరమోడ్చి. అలాంటి వేళ, అలాంటి కళ్లకు నీలమూ నలుపూ వేరుగా తెలుస్తాయా? ఆ వెలుగులో రాముడి ఒంటిరంగు కన్నా కిరీటమే ముందు కనిపిస్తుంది. ఆ కిరీటం సూర్యుడైతే కింద ఉన్నది కొండ అని ఆకారంతో గుర్తుపట్టాడు, రంగుతో కాదు. క్యాలెండర్లలో రాముడికి నీలిరంగు పూసి పూసి మన కళ్లు అలవాటు పడ్డాయి. దశమస్కంధంలో కృష్ణుడిని వెతికే గోపికల నోట పోతన పెట్టిన మాట "నల్లనివాఁడు". అచ్చతెలుగులో చెప్పాల్సి వచ్చినప్పుడు ఆయన నోటికి వచ్చింది అదే.

కొల్లాపూర్:
ఆ నల్లనివాడిలోనూ నీలం ఉందనే నేను మొదటి నుంచీ అంటున్నది.

నల్లగొండ (ప్రశ్న):
అందరికీ ఎలా ధన్యవాదాలు చెప్పాలో తెలియడం లేదు. నిన్న సాయంత్రం మీరు రాసినవన్నీ బాపుకు చదివి వినిపించాను. నాలుగో పాదం వినగానే ఆయన పెదవులు నాతోపాటు కదిలాయి. 'ఘన కిరీటము' దగ్గర నేను ఆగితే, 'దలఁ గలుగువాఁడు' ఆయనే అందుకున్నారు. ఆ వెనక పుండరీకయుగము మొదలుకొని తేటగీతి మొత్తం, ఒక్క మాట తడబడకుండా. మా అమ్మ పోయాక ఆయన గొంతెత్తి చదవడం ఇదే మొదలు.

ఈ ఉదయం రేకుముక్క పట్టుకుని ఇద్దరం డాబా ఎక్కాం. పొద్దు గుట్ట మీదికి వస్తుండగా ఆయన దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, ఇటు తిప్పి, అటు తిప్పి, "మబ్బు తీరు ఉన్నది" అన్నారు. నీలమనీ అనలేదు, నలుపనీ అనలేదు. శుక్రవారం రేపే. కానీ 'భాను భంగి' మాత్రం వదలనంటున్నారు. వాళ్ల సారు అలాగే చెప్పారట.

మిర్యాలగూడ:
చూశారా సార్, నేనొక్కణ్నే కాదు. రెండు ఊళ్లలో ఇద్దరు పెద్దలు ఒకే పాఠం చదివారంటే దాని వెనక ఏదో ప్రతి ఉండి ఉండాలి.

దేవరకొండ:
ప్రతి ఉంటే చూపించండి, కళ్లకు అద్దుకుంటాను. 'నుభంగి' జగణమే.