అప్‌డేట్: హువాంగ్‌చీ–దాంగ్వీ కషాయం ఘాటు ఎందుకో తేలింది

అలసటకు చైనాలో హువాంగ్‌చీ (ఆస్ట్రాగలస్), దాంగ్వీ (చైనా ఏంజెలికా) అనే రెండు వేర్లతో కషాయం కాస్తారు. నేను కాస్తే అంత ఘాటుగా ఎందుకొస్తోందని ఇంతకుముందు అడిగాను, తప్పు కొలతలోనే. రెండు వేర్లూ సమానంగా వేయకూడదు. చైనా వైద్యుడు లీ దోంగ్‌యువాన్ 1247లో చెప్పిన పాళ్లు 5:1, అంటే హువాంగ్‌చీ 30 గ్రాములు, దాంగ్వీ 6. దాంగ్వీ ఎక్కువైతే సెలెరీ వాసన గుప్పుమంటుంది. మంచి హువాంగ్‌చీ ముక్క మధ్యలో పసుపుగా ఉంటుంది, నమిలితే తియ్యగా, పచ్చి చిక్కుడు గింజలా తగులుతుంది.

మట్టికుండలో అరగంట నానబెట్టి, పొంగాక సన్నసెగ మీద మూతపెట్టి కాచాలి. మూత తీస్తే దాంగ్వీ నూనె ఆవిరైపోతుంది.

ఇది యాంటీఆక్సిడెంట్ అనే మాట సంగతి: దాంగ్వీలోని ఫెరులిక్ యాసిడ్ ల్యాబ్‌లో ఫ్రీ రాడికల్స్‌ను (కణాలను దెబ్బతీసే అణువులను) అణిచేస్తుంది. అంతమాత్రాన మనిషికి అలసట తీరుతుందని కాదు. ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవాళ్లు దీని జోలికి పోవద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.