సమస్యాపూరణం: "ఎండ కాయు చోట నెంత చలువ"

ఛందస్సు ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం. విషయం పల్లె ఇంటి చుట్టూ కూర్చునే తావులు: తిన్నె, పందిరి, చెట్టు కింది బండ. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇళ్ళలో ఎండ, గాలి, వాన ఎలా ఉంటాయో పద్యం అలాగే చెప్పాలి. గణాలు కుదిరి దిక్కు తప్పితే పూరణ కుదరనట్టే.

చంద్రగిరి నుంచి

తూర్పు తిన్నె మీద తొలిజాము వేడెక్కు
గోడ నీడ పిదప కొలువు దీరు
ప్రొద్దు వాలు వేళ పొరుగువారును జేర
నెండ కాయు చోట నెంత చలువ!

నిర్వాహకులు: తూ–తొ, గో–కొ, ప్రొ–పొ యతులన్నీ (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) సరిపోయాయి. "నీడ కొలువు దీరు" చక్కటి మాట, అభినందనలు. పదకొండు దాటాక చూరు నీడ, మధ్యాహ్నం గోడ నీడ తూర్పు తిన్నెను కాపాడతాయి. అయితే పైన నల్లటి కడప బండ పరిస్తే పొద్దుటి వేడి రాతిలో నిలిచి, నీడ వచ్చినా చాలాసేపు ఒళ్ళు కాలుతుంది. సున్నపు గచ్చో, లేత రంగు రాయో మేలు. తిన్నె ఎత్తు అడుగున్నర, వెడల్పు రెండున్నర అడుగులు ఉండాలి. నడుము వాల్చాలంటే మూడడుగులు.

పీలేరు నుంచి: ఒక మాట కలపనివ్వండి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన. జల్లు తూర్పు తిన్నె మీదికే కొడుతుంది. తిన్నె బయటి వైపుకు అడుగుకు పావు అంగుళం వాలు లేకపోతే నీళ్ళు గోడ మొదట్లో నిలిచి సున్నం పెచ్చులూడుతుంది.

పుంగనూరు నుంచి

మార్గశిరము నందు మఱి దక్షిణపు తిన్నె
వెచ్చనౌను, గాని వేసవి తఱి
సూర్యుఁ డుత్తరమునఁ జొచ్చి సాగు కతన
నెండ కాయు చోట నెంత చలువ!

నిర్వాహకులు: అమ్మా, ఈ వారానికి మేటి పూరణ ఇదే. "మఱి" మాత్రం యతి కోసం వచ్చి కూర్చుంది, అర్థానికి పని చేయలేదు. "మన దక్షిణపు తిన్నె" అంటే గణం మారదు, ఆత్మీయత వస్తుంది.

దక్షిణం వేడి దిక్కని చాలామంది అటు తిన్నె కట్టరు. తిరుపతి దాదాపు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు నడుమ దాకా సూర్యుడు మనకు ఉత్తరంగానే ప్రయాణిస్తాడు, కాబట్టి ఆ రోజుల్లో దక్షిణ గోడకు పొద్దస్తమానం నేరుగా ఎండ తగలదు. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి నుంచి 37 డిగ్రీలు దక్షిణానికి వాలి ఉంటాడు. చూరు కింద నుంచి ఎండ లోపలికి వచ్చి తిన్నెంతా పరుచుకుంటుంది. చిక్కు మార్చి, ఏప్రిల్ నెలలదే. చూరు తిన్నె అంచు దాటి అడుగున్నర ముందుకు ఉంటే ఆ ఎండ కూడా చాలావరకు ఆగుతుంది. చూరు మరీ కిందికి దించితే చలికాలపు ఎండ పోతుంది.

పుంగనూరు నుంచి: సవరణ బాగుందండీ, "మన" అనే ఉంచుతాను.

శ్రీకాళహస్తి నుంచి

పందిరి పయి బీర పాకి యాకులు గప్ప
క్రింద బండ పఱచి దెసల నీరు
చల్లి కూరుచున్న సరి మిట్టపగలైన
నెండ కాయు చోట నెంత చలువ!

నిర్వాహకులు: రెండో పాదంలో యతి తప్పింది. క్రి–దె స్వరం కలిసినా హల్లు కలవలేదు. "కెలన నీరు" అనండి, కెలన అంటే పక్కన, అర్థమూ మారదు. బీర దగ్గర ఇంకో చిక్కు ఉంది. సంక్రాంతికి విత్తిన బీర తీగ మే నాటికి పండి ఎండిపోతుంది, సరిగ్గా నీడ కావలసినప్పుడే పందిరి బోసిపోతుంది. "జాజి" అన్నా గణం అదే. జాజి ఏళ్ళ తరబడి నిలుస్తుంది. మొదలు గోడకు మూడడుగుల దూరంలో నాటాలి.

పీలేరు నుంచి: పందిరి ఎనిమిదడుగుల ఎత్తు ఉండాలి. పది అడుగుల రాతి కూసాలు తెచ్చి రెండడుగులు పాతాలి. ఆరడుగులకే పందిరి వేస్తే వేడిగాలి నెత్తి మీదే నిలుస్తుంది. నీళ్ళు బండ మీద కాకుండా చుట్టూ మట్టి మీద చల్లడమే సరి, "కెలన" అన్న మాట అందుకే నచ్చింది. కడప బండ తడిసి ఆరి, తడిసి ఆరి, పొరలుగా లేస్తుంది.

పలమనేరు నుంచి

కానుగ తరువడుగు గాలికి నెలవురా
పైన నిప్పుఁ జెఱుగు పడమటెండ
ఆకు లెన్ని రాలె నన్ని మొలిచె నింక
నెండ కాయు చోట నెంత చలువ!

నిర్వాహకులు: నిర్దోషంగా ఉంది. మూడో పాదం చెట్టును బాగా ఎరిగిన మాట: కానుగ ఎండలు ముదరకముందే ఆకు రాల్చి, ఏప్రిల్‌కల్లా చిక్కగా చిగురిస్తుంది. పడమటి గోడ సాయంత్రం ఎండంతా మింగి రాత్రి దాకా వేడి కక్కుతుంది, అటు తిన్నె ఉంటే కానుగే దిక్కు. గోడకు పన్నెండు నుంచి పదిహేను అడుగుల దూరంలో నాటితే కొమ్మ నీడ గోడకు అందుతుంది. పూత రాలే రోజుల్లో బండ రోజూ ఊడ్చుకోవాలి.

వచ్చే వారం సమస్య, తేటగీతి:

"వాన లోపల నరుగును వదలరెవరు"