రేడియేషన్ అయి ఏడు నెలలు, ఈ నీరసం పోదా?

నాకు 46. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. ఇప్పుడు క్యాన్సర్ మళ్లీ రాకుండా టామోక్సిఫెన్ మాత్ర వేసుకుంటున్నా. పొద్దున నాలుగు బట్టలు ఆరేస్తే చాలు, కాళ్లు లాగేస్తాయి. పడుకుని లేచినా అంతే. మా అత్తగారేమో "రిపోర్టులు బాగున్నాయిగా!" అంటారు. ఇంకెవరికైనా ఇలా ఉందా?

జవాబు: ఉందండీ, నాకు ఏడాదిన్నర పట్టింది. ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి. నాకు సగం కారణం థైరాయిడే. తర్వాత నడక. నవ్వొస్తుంది గానీ, ఈ అలసటకి నడకే మందు. పాల బూత్ దాకా ఐదు నిమిషాలతో మొదలుపెట్టా. ఓపికున్న రోజు పనులన్నీ మీదేసుకోకండి, మర్నాడు మంచం దిగలేరు.

ఇంకొకరు: మా అక్కకి వంటింట్లో ఎత్తు స్టూలు వేశాం. కూరలు కూర్చునే తరుగుతుంది. పగటి నిద్ర అరగంటే.

అడిగినావిడ: స్టూలు సంగతి మావారికి చెప్పా. థైరాయిడ్ టెస్టు రేపు.