పొగాకు మొజాయిక్ వైరస్: ఇది కేంద్రకమా, ఎక్స్ బాడీనా?

ఎమ్మెస్సీ బోటనీ ప్రాజెక్టు కోసం, పొగాకు మొజాయిక్ వైరస్ సోకిన ఆకు కణాల్లో ఏర్పడే ఇన్‌క్లూజన్ బాడీలను (వైరస్ వల్ల కణం లోపల పేరుకునే ముద్దలు, స్ఫటికాలు) మామూలు మైక్రోస్కోపులో చూడాలని రెండు వారాలుగా తంటాలు పడుతున్నాను. వైరస్ కణాలు బారులు తీరి ఆరు పలకల స్ఫటికాలుగా పేరుకుంటాయని, రష్యన్ శాస్త్రవేత్త ఇవనోవ్‌స్కీ 1903లో వాటి గురించి రాశాడని చదివినప్పటి నుంచి ఒక్కసారైనా నా కళ్లతో చూడాలని ఉంది.

పొగాకు మొక్కల మీద, ఆకుపై సన్నగా గీరుకునేలా కార్బోరండం (గరుకు) పొడి చల్లి, తెగులు ఆకు రసం రుద్దాను. 10వ రోజుకి లేత ఆకుల్లో మొజాయిక్ (లేత, ముదురు ఆకుపచ్చ మచ్చలు) స్పష్టంగా వచ్చింది. 21వ రోజున ఆకు అడుగున, నడిఈనె మీది పొర ఒలిచాను.

మొదట ఎఫ్ఏఏలో (కణాలను చెడకుండా నిలిపే ఫార్మలిన్, ఎసిటిక్ ఆమ్లం, ఆల్కహాల్ ద్రావణం) రాత్రంతా ఉంచి సాఫ్రనిన్ అనే ఎర్ర స్టెయిన్ వేశాను. స్ఫటికాలు లేవు, అక్కడక్కడ గీతలు గీతలుగా ఏదో పదార్థం. ఆమ్లం తగిలితే స్ఫటికం చెదిరిపోతుందని తర్వాత తెలిసింది. వారం వృథా అయింది. ఈసారి పచ్చి పొరనే నీటిలో పెట్టి 400 రెట్లలో చూశాను. నూగు కణాల్లో రంగులేని పలక ఒకటి మెరిసి, ఫోకస్ కాస్త కదపగానే మాయమవుతోంది. పక్కనే గుండ్రటి ముద్దలు రెండు, దాదాపు ఒకే సైజు, ఒకటి కాస్త గరుకుగా ఉంది. తెగులు లేని మొక్కలో కణానికి ఒక్కటే ఉంది, అది కేంద్రకమే. కాబట్టి తెగులు కణంలోని రెండో ముద్ద ఎక్స్ బాడీ (వైరస్ వల్ల ఏర్పడే, స్ఫటికం కాని ఇన్‌క్లూజన్ బాడీ) అయి ఉండాలి. మిథిలీన్ బ్లూ వేస్తే రెండూ నీలంగానే మారాయి.

మా ల్యాబ్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లేదు. ఈ రెండింటిలో ఏది కేంద్రకమో, ఏది ఎక్స్ బాడీయో తేల్చడానికి పచ్చి పొర మీద ఏ స్టెయిన్, ఎంతసేపు వేయాలి?