ప్రోగ్ (ప్రోగ్రెసివ్ రాక్) ఆల్బమ్‌లో సోలోకి బయటి గిటారిస్టును పిలవాలా, వద్దా?

పెన్నా_రిఫ్ | నెల్లూరు | సోమవారం రాత్రి 9:12

మా ఆల్బమ్‌లో 7 పాటలు. ఆరో పాట 11 నిమిషాలు, చివర్లో 32 బార్ల (తాళం ఆవృత్తాల) గిటార్ సోలో. తాళం 7/8, అంటే బార్‌కు ఏడు ఎయిత్ నోట్లు, క్వార్టర్ నోటుకు టెంపో 138. మొదటి 16 బార్లు ఈ (E) మైనర్, అక్కణ్ణించి ఒక్కసారిగా జీ షార్ప్ మైనర్. లెక్కేస్తే సోలో 49 సెకన్లే, కానీ పాటంతా దానికోసమే ఎదురుచూస్తుంది. వాయించడానికి చెన్నైలో ఒక సెషన్ గిటారిస్టు ఒప్పుకున్నారు. బ్యాండ్‌లో ఒకరు వద్దంటున్నారు. మీరేమంటారు?

నా మటుకు నేను పిలవాలనే అంటాను. ఇంగ్లండు ప్రోగ్ బ్యాండ్ పోర్క్యుపైన్ ట్రీ 2005లో చేసిన ‘డెడ్‌వింగ్’ చూడండి, టైటిల్ పాటలోనూ ‘హేలో’లోనూ సోలోలు బయటి గిటారిస్టు ఏడ్రియన్ బెల్యూవి. 2007 నాటి ‘ఫియర్ ఆఫ్ ఎ బ్లాంక్ ప్లానెట్’లో 17 నిమిషాల ‘అనెస్థటైజ్’కి సోలో ఇచ్చింది రష్ గిటారిస్టు అలెక్స్ లైఫ్‌సన్. ‘వే అవుట్ ఆఫ్ హియర్’లో కింగ్ క్రిమ్సన్ గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ సౌండ్‌స్కేప్స్ (గిటార్‌తో అల్లిన శబ్దాల పొరలు) ఉన్నాయి. బ్యాండ్ నడిపే స్టీవెన్ విల్సన్ స్వయంగా గిటారిస్టే, అయినా పిలిచాడు. తన సొంత ఆల్బమ్ ‘ద రేవెన్ దట్ రిఫ్యూజ్డ్ టు సింగ్’కి 2013లో గిటారిస్టు గత్రీ గోవన్‌ని తెచ్చుకున్నాడు. ‘డ్రైవ్ హోమ్’లోంచి చివరి సోలో తీసేస్తే ఏం మిగులుతుంది? ఏరియన్ పేరుతో ఆర్యెన్ లూకాసెన్ 2017లో చేసిన ‘ద సోర్స్’లో అయితే పాల్ గిల్బర్ట్, గోవన్, మార్సెల్ కూనెన్ ముగ్గురు గిటారిస్టులూ ఉన్నారు.

ఒంగోలు_ఆరుతీగలు | సోమవారం రాత్రి 10:05

ఆ వద్దన్నది నేనే. అందరి ముందూ పెట్టావు గాబట్టి అందరి ముందే చెప్తా.

రేవెన్‌ని ఇందులోకి లాగొద్దన్నా. దాంట్లో గోవన్ అతిథి కాదు, బ్యాండ్ మనిషి. లాస్ ఏంజిలిస్‌లో ఈస్ట్‌వెస్ట్ స్టూడియోలో మార్కో మిన్నెమన్ డ్రమ్స్, నిక్ బెగ్స్ బేస్, ఆడమ్ హోల్జ్‌మన్ కీబోర్డ్, థియో ట్రావిస్ ఫ్లూట్, శాక్సఫోన్. వీళ్లతో కలిసి వాయించాడు. ఇంజినీరుగా కూర్చున్నది అలన్ పార్సన్స్. డ్రమ్మర్ దెబ్బ తగ్గిస్తే గిటార్ తగ్గుద్ది, గిటార్ పైకి పోతే హైహ్యాట్ తెరుచుకుంటది. ఆ వినికిడి రికార్డింగులో తెలుస్తా ఉంటది. నువ్వు చేసేదేంది? చెన్నైకి ఫైళ్లు పంపుతావు, ఆయన తన గదిలో వాయించి తిరిగి పంపుతాడు. మన డ్రమ్మర్ అప్పటికే వాయించేసి ఉంటాడు, సోలో ఎటు పోయినా ఆయన కదలడు.

రెండోది, స్టేజీ. గోవన్ లేని పర్యటనల్లో ఆ సోలోలు డేవ్ కిల్మిన్‌స్టర్ వాయించాల్సి వచ్చింది. పింక్ ఫ్లాయిడ్ రోజర్ వాటర్స్ పక్కన వాయించిన మనిషి గాబట్టి సరిపోయింది. మనం కావలిలోనో ఒంగోల్లోనో ఆ పాట వాయించినప్పుడు ఆ 32 బార్లు ఎవరు వాయించాలి?

కావలి_కీస్ | సోమవారం రాత్రి 10:20

49 సెకన్లకు ఇంత చర్చ ఎందుకు? రఫ్ మిక్స్ పెట్టండి, వింటాం.

కందుకూరు_బేస్ | సోమవారం రాత్రి 10:31

పాట ఏ ట్యూనింగ్‌లో ఉంది? స్టాండర్డా, లావు తీగను ఈ (E) నుంచి డీకి దించే డ్రాప్ డీ నా?

పెన్నా_రిఫ్ | సోమవారం రాత్రి 10:58

ఒకే గదిలో ఉంటేనే సంగీతం అంటే ఈ ఇరవయ్యేళ్ల ప్రోగ్‌లో సగం కొట్టేయాలి. మన దేశంలోనే చూడు. స్కైహార్బర్ బ్యాండ్ 2012లో తెచ్చిన ‘బ్లైండింగ్ వైట్ నాయిస్’. గిటార్ ఢిల్లీలో కేశవ్ ధర్, ఎక్కువ పాటలు పాడింది ఇంగ్లండు మనిషి డానియల్ టాంప్‌కిన్స్, పైగా గిటారిస్టు మార్టీ ఫ్రీడ్‌మన్ అతిథి సోలోలు. ఎవరి ఊళ్లో వాళ్లున్నారు. విని చెప్పు, ఎక్కడ అతుకు కనపడిందో.

అదే ఏడాది అమెరికా బ్యాండ్ పెరిఫెరీ రెండో ఆల్బమ్‌లో గోవన్, డ్రీమ్ థియేటర్ గిటారిస్టు జాన్ పెట్రూచీ ఇద్దరూ అతిథులే. ఆ బ్యాండ్‌లో అప్పటికే ముగ్గురు గిటారిస్టులున్నారు, ముగ్గురికీ సోలో వాయించడం వచ్చు. అయినా పిలిచారు. ఒక పాటలో 40 సెకన్లపాటు వేరే గొంతు వినపడాలన్నది సంగీతపరమైన నిర్ణయం. దానికీ ఇంట్లో వాళ్ల సామర్థ్యానికీ సంబంధం లేదు.

ఒంగోలు_ఆరుతీగలు | సోమవారం రాత్రి 11:10

రేవెన్‌లో గోవన్ అతిథి కాదన్నాను. దానికి జవాబు రాలా.

మైపాడు_తాళం | మంగళవారం ఉదయం 6:44

అన్నా, మీ ఇద్దరూ గది గురించి కొట్టుకుంటున్నారు గానీ అసలు ప్రమాదం తాళంలో ఉండాది. 7/8 అని చీటీ మీద రాసి పంపితే సరిపోదు. మీ రిఫ్ (పదేపదే వచ్చే గిటార్ ముక్క) 2+2+3, అంటే తక తక తకిట. చెన్నైలో కచేరీలు వినే చెవికి ఏడు అనగానే మిశ్రచాపు వస్తది, తకిట తకదిమి, 3+4. ఆయన ఆ లెక్కలో ఫ్రేజు ముగిస్తే మీ స్నేర్ డ్రమ్ దెబ్బ దగ్గరికి ఒక ఎయిత్ నోటు ముందో వెనకో పడతది. తప్పు వాయించినట్టుండదు, కానీ సోలో పాట మీద కూర్చోదు. బార్ మొదటి దెబ్బకు ఒక శబ్దం, ఐదో దెబ్బకు, అంటే తకిట మొదలయ్యేచోట, ఇంకో శబ్దం పెట్టి క్లిక్‌ని (లయ చూపే టిక్ టిక్ శబ్దాన్ని) ఆడియో ఫైలుగా పంపండి. ఉత్త టెంపో నంబరు పంపొద్దు.

స్టోన్‌హౌస్‌పేట | మంగళవారం ఉదయం 8:30

మైపాడు తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పిలవాలా వద్దా అన్నది మీ ఇష్టం. పిలిస్తే మాత్రం ఈ పని ఇలా చెయ్యండి, నా దగ్గరికి మిక్సింగ్‌కి వచ్చే పాటల్లో సగం ఇక్కడే చెడిపోతున్నాయి.

మీ రికార్డింగు శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ అయితే అదే రాసి పంపండి. అవతల ప్రాజెక్టు 44.1లో తెరిచి, తిరిగొచ్చిన ఫైలును మీ సాఫ్ట్‌వేర్ మార్చకుండా 48గా చదివితే శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమిటోన్ పైకి పోతుంది, 138 టెంపో 150 అవుతుంది. అది వెంటనే తెలిసే తప్పు కాబట్టి భయం లేదు. తెలియని తప్పు ఎంపీ3. రఫ్ మిక్స్ ఎంపీ3లో పంపితే ఎన్‌కోడర్ మొదట్లో కొంత ఖాళీ కలుపుతుంది, 25 మిల్లీసెకన్ల దాకా ఉండొచ్చు. ఆయన దానిమీద సరిగ్గానే వాయిస్తాడు, మీరు అతికించాక మాత్రం ప్రతి నోటూ ఆలస్యం. మీ టెంపోలో సిక్స్‌టీన్త్ నోటు 109 మిల్లీసెకన్లు. అందులో పావు వంతు జారితే వినేవాడు గిటారిస్టుకు టైమింగ్ లేదనుకుంటాడు. వేవ్ ఫైళ్లే పంపండి, అన్నీ ఒకటో బార్ నుంచే మొదలవ్వాలి. సోలో ఉన్న ముక్క మాత్రమే కత్తిరించి పంపొద్దు.

రఫ్ మిక్స్‌లో మాస్టర్ మీద లిమిటర్ (పెద్ద శబ్దాలను అణిచేది) తీసేయండి. రిథమ్ గిటార్లు విడిగా, డ్రమ్స్, బేస్ విడిగా, క్లిక్ విడిగా. కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) బార్ నంబర్లతో రాసివ్వండి.

ఆయన దగ్గర్నుంచి రెండు అడగండి. ఆయన ఆంప్ సౌండు ఒకటి, ఏ ఎఫెక్టూ లేని డీఐ (ఆంప్ లేకుండా గిటార్ నుంచి నేరుగా తీసిన ట్రాకు) ఒకటి. డిలే, రివర్బ్ కలిపేసి ఇస్తే మిక్స్‌లో వెనక్కీ ముందుకీ జరపలేం. డీఐ ఉంటే మళ్లీ ఆంప్‌లోకి పంపుకోవచ్చు, కాకపోతే మధ్యలో రీఆంప్ బాక్స్ ఉండాలి. ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ నేరుగా ఆంప్‌కి తగిలిస్తే లెవెల్, ఇంపీడెన్స్ రెండూ కుదరవు.

మన వైపు రిథమ్ డీఐ తీసేటప్పుడు ఎర్తింగ్ చూసుకోండి. పాత ఇళ్లలో ఎర్త్ సరిగా ఉండదు, 50 హెర్ట్జ్ గుయ్‌మనే శబ్దం, దాని పైన 100, 150 కూడా వస్తాయి. హై గెయిన్‌లో అదే పైకొస్తుంది. ల్యాప్‌టాప్ చార్జరు పీకేసి బ్యాటరీ మీద తీయండి. సింగిల్ కాయిల్ గిటార్ అయితే ఫ్యాన్ రెగ్యులేటర్ తగ్గించి ఉంచొద్దు, ఫుల్‌లో పెట్టండి లేదా ఆపేయండి.

కందుకూరు_బేస్ | మంగళవారం ఉదయం 9:02

ట్యూనింగ్ ఎవరూ చెప్పలేదు. డ్రాప్ డీ అయితే ఆయన స్టాండర్డ్‌లో వాయించినా సోలోకి ఇబ్బంది లేదు, కింది తీగ ఒక్కటే మారుతుంది. డ్రాప్ సీ అయితే డ్రాప్ డీ మీద అన్ని తీగలూ ఇంకో టోన్ దిగుతాయి, బెండ్లు మెత్తగా వస్తాయి, ఓపెన్ తీగలు వేరే స్వరాలవుతాయి. ఆ విషయం ముందే చెప్పాలి.

ఒంగోలు_ఆరుతీగలు | మంగళవారం మధ్యాహ్నం 1:15

డ్రాప్ డీ, బేస్ తమ్ముడూ.

ఇప్పుడు సోలో లోపలికి పోదాం. ఈ మైనర్ నించి జీ షార్ప్ మైనర్‌కి దూకేచోట రెండు స్కేళ్లకూ కలిసే స్వరాలు మూడే. ఈ, ఎఫ్ షార్ప్, బీ. అందులో బీ రెండు కార్డుల్లోనూ ఉంది. పదహారో బార్ ఆఖర్లో బీ పట్టుకుని నిలబడితే కింద లోకం మారినా గిటార్ కదలదు, ఆ మార్పు గుండెకు తగులుద్ది. బయటి మనిషి ఆ రెండు ముక్కల్నీ విడివిడిగా వాయించి కలుపుతాడు. అక్కడ ఊపిరి తెగిపోద్ది.

ఇంకోటి. సోలో కింద రిథమ్ ఎట్టా ఉండాలో ఎవరు చూస్తారు? డిస్టార్షన్‌తో రెండు పక్కలా నిండుగా కార్డులు కొడితే 1 నించి 3 కిలోహెర్ట్జ్ మధ్య చోటుండదు, సోలో ఎంత పెంచినా వినపడదు. కార్డులో మధ్యనుండే థర్డ్ స్వరం వదిలేయాలి, మూలస్వరం రూటూ, దాన్నించి ఐదోది ఫిఫ్తూ చాలు. జీ షార్ప్‌కి మారాక ఎడమ గిటార్ ఆపేయాలి. 2015లో వచ్చిన ‘హ్యాండ్ కెనాట్ ఇరేజ్’లో ‘రిగ్రెట్ నంబర్ నైన్’ విను. ముందు హోల్జ్‌మన్ మూగ్ సింథసైజర్ సోలో, తర్వాత గోవన్. కింద ఉన్నవాళ్లు తొందరపడలా, గాబట్టే పైన ఆయనకు అంత జాగా దొరికింది.

పెన్నా_రిఫ్ | మంగళవారం మధ్యాహ్నం 2:40

ఇవన్నీ అరేంజ్‌మెంట్ విషయాలు, కూర్చుని సరిచేసుకోవచ్చు. రూటూ ఫిఫ్తూ కొట్టడం ఎవరైనా చేస్తారు. ఆ సోలో మాత్రం ఎవరైనా చెయ్యలేరు. అందుకే పిలుస్తున్నాం.

ఒంగోలు_ఆరుతీగలు | మంగళవారం మధ్యాహ్నం 2:52

ఎవరైనా చేస్తారా? అయితే నా ట్రాకులన్నీ తీసేసి ఎవరిచేతనైనా కొట్టించుకో.

ఇంతసేపూ మర్యాదకు ఆగాను. నువ్వు గ్రూపులో పెట్టిన కవర్ డిజైన్‌లో ముందు పక్కన ‘ఫీచరింగ్’ అని ఆయన పేరు. వెనక పక్కన ఏడు పాటలకూ ‘సంగీతం’ అని నీ పేరొక్కటే. ఆరో పాట మొదలయ్యేదే ఆ 2+2+3 రిఫ్‌తో, అది నా చేతిలో పుట్టింది. మైపాడు తమ్ముడు చూడకుండానే ‘మీ రిఫ్’ అని గుర్తుపట్టి లెక్కగట్టాడే, ఆ రిఫ్ నాది. 49 సెకన్ల మనిషి కవరు మీద, 11 నిమిషాల మనిషి ‘అదనపు గిటార్’ అని చిన్నక్షరాల్లోనా?

కావలి_కీస్ | మంగళవారం మధ్యాహ్నం 3:01

అయితే ఇది సోలో గొడవ కాదు.

పెన్నా_రిఫ్ | మంగళవారం సాయంత్రం 4:18

పాట నిర్మాణం నాది. సాహిత్యం, పాడే వరస, కార్డులు, ఆ జీ షార్ప్ మార్పు, అన్నీ నావే. రిఫ్ అనేది నేనిచ్చిన కార్డుల మీద వాయించిన పద్ధతి. ప్రతి రిఫ్‌కీ సంగీతం అని పేరు వేస్తే బేస్‌కీ డ్రమ్స్‌కీ కూడా వెయ్యాలి. కవరు మీద పేరు సంగతి వేరు. చెన్నై మనిషి పేరు చూసి ఆల్బమ్ తెరిచేవాళ్లుంటారు. మన పాట నెల్లూరు దాటాలంటే ఎవరో ఒకరి పేరు ముందుండాలి. అది మన ఐదుగురి మంచికే.

మైపాడు_తాళం | మంగళవారం సాయంత్రం 5:25

తాళం విడగొట్టిన తీరు కూడా సంగీతమే అన్నా. 4/4లో అవే కార్డులు కొట్టి చూడు, ఆ పాట ఉండదు.

స్టోన్‌హౌస్‌పేట | మంగళవారం రాత్రి 7:50

రెండు వేర్వేరు హక్కులు కలిపేస్తున్నారు, విడగొడతాను.

వాయించినవారి హక్కు ఒకటి. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో 38ఎ, 38బి సెక్షన్లు వచ్చాయి. 38బి ప్రకారం వాయించిన మనిషి తన పేరు చెప్పమని అడగొచ్చు. 38ఎ ప్రకారం వాయించినదాన్ని వ్యాపారంగా వాడితే రాయల్టీ అడగొచ్చు. 32 బార్ల అతిథికైనా, 11 నిమిషాల రిథమ్‌కైనా ఇది వర్తిస్తుంది. ఈ హక్కు 50 ఏళ్లు.

పాట కట్టినవారి హక్కు ఇంకొకటి. అది వారి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. రిఫ్ ఎవరిదన్న తగువు దీని కిందికి వస్తుంది. పెన్నా గారూ, ఇంకో చిక్కు కూడా చూడండి. మీరు ఆయనకు స్వరాలు రాసివ్వడం లేదు, కార్డులిచ్చి ఇష్టమొచ్చినట్టు వాయించమంటున్నారు. అప్పుడు ఆ సోలో వరస కట్టింది ఆయనే. ‘కార్డులు నావి కాబట్టి సంగీతం నాది’ అన్న మీ వాదన ఆయన దగ్గర ఎట్లా నిలుస్తుంది? రేపు ఆయన వాటా అడిగితే ఇవ్వాల్సి రావొచ్చు, ఇక్కడున్న మనిషికి మాత్రం ఇవ్వనంటున్నారు.

ఫైళ్లు పంపకముందే రెండు కాగితాలు రాసుకోండి. ఐదుగురి మధ్య ఒక్కో పాటకు ఎవరి వాటా ఎంత శాతమో ఒకటి. అతిథితో ఫీజు, పేరు ఎక్కడ పడుతుంది, సోలో వరసలో వాటా ఉందా లేదా, స్టేజీ మీద వేరేవాళ్లు దాన్ని వాయించొచ్చా, ఇవన్నీ ఇంకొకటి.

పెన్నా_రిఫ్ | మంగళవారం రాత్రి 9:35

అతిథి కాగితం రేపే రాయిస్తాను. ఫీజు ఒకసారి, పేరు పాట పక్కనే, స్టేజీ మీద మేము వాయించుకోవడానికి అనుమతి. కవరు ముందు పక్కన ‘ఫీచరింగ్’ తీయను, దానిమీద నా నమ్మకం మారలేదు. ఆరో పాట వాటా గురించి ఆదివారం ఐదుగురం కూర్చుని మాట్లాడదాం. రిఫ్‌కి పేరు వేస్తే ఎంత వెయ్యాలో అందరూ చెప్పాలి, ఇద్దరమే తేల్చుకునేది కాదు.

కందుకూరు_బేస్ | మంగళవారం రాత్రి 9:41

ఆదివారం లోపు డ్రాప్ డీ అని ఆయనకు చెప్పేయండి.

ఒంగోలు_ఆరుతీగలు | మంగళవారం రాత్రి 10:12

ఆదివారం వస్తా. ‘ఫీచరింగ్’ ఉంచుకో, దానికి నేను అడ్డం రాను. ఆయన మంచి వాయిద్యగాడే, ఆ మాట నేనెప్పుడూ కాదనలా. ఆరో పాటకు ‘సంగీతం’ దగ్గర రెండు పేర్లుండాలి. శాతం ఎంతైనా కూర్చుని మాట్లాడతా, పేరు మీద మాత్రం మాట్లాడను. జీ షార్ప్‌కి మారాక ఎడమ గిటార్ లేని రిథమ్ ట్రాకు, డీఐతో సహా, 48లో తీసిపెట్టా. ఆ కాగితం మీద ఐదు సంతకాలు పడినాక పంపుతా, అంతకుముందు కాదు.