కుక్కలో పిత్తాశయ వ్యాధి: బతికే అవకాశం దేనిపై ఆధారపడుతుంది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా కాకర్ స్పానియల్‌కు పదేళ్లు. ఏటా చేయించే రక్తపరీక్షలో కాలేయ ఎంజైములు బాగా పెరిగినట్లు కనిపించడంతో అల్ట్రాసౌండ్ చేయించాము. పిత్తాశయంలో మ్యూకోసీల్ (జిగట పదార్థం పేరుకుని గడ్డకట్టడం) ఏర్పడిందని అందులో తేలింది. కుక్క మాత్రం ఎప్పటిలాగే తింటోంది, ఆడుతోంది. వాంతులు గానీ కామెర్లు గానీ లేవు. ఒక పశువైద్యులు వెంటనే పిత్తాశయాన్ని తొలగించడం మంచిదంటున్నారు, మరొకరు మందులు వాడుతూ కొంతకాలం గమనిద్దామంటున్నారు. ఈ వయసులో మత్తుమందు తట్టుకోలేదేమోనన్నది మా భయం. ఇదే జబ్బుకు శస్త్రచికిత్స చేయించుకున్న కుక్కల్లో కొన్ని పూర్తిగా కోలుకోవడానికి, కొన్ని దక్కకుండా పోవడానికి కారణాలేమిటో తెలిసినవారు దయచేసి వివరించండి.

సమాధానం (పశువైద్యులు)

మీరు అడగవలసిన సమయంలోనే అడిగారు. ఈ జబ్బులో ప్రాణాన్ని నిర్ణయించే అంశాలు అనేకం ఉన్నా, శస్త్రచికిత్స ఏ దశలో జరిగిందన్నదే వాటన్నిటిలోకీ బలమైనదని నా అభిప్రాయం.

మ్యూకోసీల్‌లో పిత్తాశయపు లోపలి పొర జిగట పదార్థాన్ని అతిగా స్రవిస్తుంది. అది గడ్డకట్టి, అల్ట్రాసౌండ్‌లో కోసిన కివీ పండులా గీతలు గీతలుగా కనిపిస్తుంది. కుక్కను పక్కకు తిప్పినా కదలదు. అది పేరుకుపోయే కొద్దీ పిత్తాశయపు గోడ సాగి, దానికి రక్తం సరిగా అందక కొంత భాగం చచ్చుబడి, చివరకు చిరిగిపోవచ్చు. కొన్ని కుక్కల్లో ఆ జిగట పిత్తనాళంలోకి జారి దారి మూసేయడం వల్ల కామెర్లు వస్తాయి. ఈ రెండింటిలో ఏది జరిగినా, అంతవరకు ముందుగా అనుకుని చేయవలసిన శస్త్రచికిత్స అత్యవసర శస్త్రచికిత్సగా మారుతుంది.

ఈ తేడా ఎంతటిదో 2018లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. లక్షణాలు లేనప్పుడు, లేదా ఉన్న లక్షణాలు తగ్గిపోయిన తరువాత పిత్తాశయం తొలగించిన కుక్కల్లో మరణాలు సుమారు 2 శాతం ఉండగా, అలా కానివాటిలో సుమారు 20 శాతం ఉన్నాయి. 219 కుక్కలను పరిశీలించిన మరో అధ్యయనంలో, పిత్తాశయం పగిలి పిత్తరసం పొట్టలోకి చేరిన కుక్కలు చనిపోయే అవకాశం మిగిలినవాటికంటే 2.7 రెట్లు ఎక్కువగా కనిపించింది. అదే పరిశీలనలో అల్ట్రాసౌండ్ పగుళ్లను సగానికి కొద్దిగా పైగా మాత్రమే పట్టుకోగలిగింది. కనుక చిత్రంలో పగులు కనిపించలేదన్న మాటను పగులు లేదన్న హామీగా తీసుకోకూడదు. కుక్క తీరు మారితే చిత్రాన్ని కాక కుక్కనే నమ్మాలి.

పొట్టలోకి చేరిన పిత్తరసంలో సూక్ష్మజీవులు ఉన్నాయా లేదా అన్నది దీనికి తోడైన ముఖ్యమైన అంశం. పిత్తరసం పొట్టలోకి కారిన కేసులపై 1997లో వచ్చిన ఒక పరిశీలనలో, సూక్ష్మజీవులు లేనివన్నీ బతికాయి, ఉన్నవాటిలో సుమారు నాలుగింట ఒక వంతే బతికాయి. అందులోని కేసుల సంఖ్య తక్కువ కాబట్టి ఆ నిష్పత్తిని మీ కుక్కకు నేరుగా అన్వయించవద్దు. అయితే అది సూచించే దిశ నిజమే.

ఇక వయసు. వయసు పెరిగేకొద్దీ ప్రమాదం పెరిగినట్లు కొన్ని పరిశీలనలు చెబుతున్నాయి, కానీ వయసొక్కటే శస్త్రచికిత్సను వద్దనడానికి కారణం కాదు. మత్తు ఇచ్చేముందు రక్తంలో బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరును తెలిపేది) ఎంత ఉన్నాయి, రక్తం గడ్డకట్టే తీరు ఎలా ఉంది, గుండె, మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయి అన్నవి చూడాలి. శస్త్రచికిత్స సమయంలో గానీ తరువాత గానీ రక్తపోటు పడిపోవడం, రక్తంలో లాక్టేట్ (కణాలకు ఆక్సిజన్ సరిగా అందనప్పుడు పెరిగే పదార్థం) పెరగడం చెడు సూచనలు. అందుకే రక్తపోటును నిరంతరం కొలుస్తూ మత్తు ఇవ్వగల బృందం, ఆ తరువాత కనీసం మొదటి కొన్ని రోజులు రాత్రింబవళ్లు గమనించే ఏర్పాటు ఉన్న చోటును ఎంచుకోండి. ప్రమాదం ఎక్కువగా ఉండేది తొలి రెండు వారాల్లోనే. అవి దాటిన కుక్కలు సాధారణంగా చాలాకాలం చక్కగా జీవిస్తాయి.

అనుబంధ ప్రశ్న

ఎంతో ధన్యవాదాలు, డాక్టర్ గారూ. మా కుక్క ఈమధ్య నీళ్లు ఎక్కువగా తాగుతోంది, పొట్ట కూడా కొంచెం జారింది. కుషింగ్స్ (శరీరంలో కార్టిసాల్ హార్మోను ఎక్కువయ్యే జబ్బు) కావచ్చని ఒకరు అన్నారు. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా? ముందు దానికి చికిత్స చేయించి, అంతవరకు దీనిని మందులతో నెట్టుకురావచ్చా?

సమాధానం (అదే వైద్యులు)

సంబంధం గట్టిగానే ఉంది. కుషింగ్స్ ఉన్న కుక్కల్లో మ్యూకోసీల్ చాలా ఎక్కువగా కనిపిస్తుంది. థైరాయిడ్ తక్కువగా ఉన్నవాటిలోనూ, రక్తంలో కొవ్వు ఎక్కువగా ఉన్నవాటిలోనూ కొంత ఎక్కువే. అదనపు కార్టిసాల్ గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది, రక్తం గడ్డలు ఊపిరితిత్తుల్లో చేరే ప్రమాదాన్ని పెంచుతుంది. అందుచేత కుషింగ్స్, థైరాయిడ్ పరీక్షలు ముందుగా చేయించండి. కుక్క నిలకడగా ఉన్నంతవరకు వాటిని అదుపులోకి తెచ్చుకుని శస్త్రచికిత్సకు వెళ్లడం సబబే.

మందుల విషయానికి వస్తే, పిత్తరసం సాఫీగా పారేందుకు వాడే అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం, కొవ్వు తక్కువగా ఉండే ఆహారం సాధారణంగా సూచిస్తారు. పిత్తనాళం పూర్తిగా మూసుకుపోయిందన్న అనుమానం ఉంటే ఆ మందు వాడకూడదు. 2019 నాటి ఒక పరిశీలనలో శస్త్రచికిత్స చేసిన కుక్కల మధ్యస్థ జీవితకాలం 1802 రోజులు, మందులతో మాత్రమే ఉన్నవాటిది 1340 రోజులు, మందులతో మొదలుపెట్టి తరువాత శస్త్రచికిత్సకు వెళ్లినవాటిది 203 రోజులు. మూడో గుంపులో పరిస్థితి విషమించాకే శస్త్రచికిత్సకు చేరిన కుక్కలు కొన్ని ఉండి ఉంటాయి కాబట్టి, ఆ అంకెను మందుల దోషంగా చదవకూడదు. నేను దాన్ని మరోలా చదువుతాను: మందులతో ఉండాలని నిర్ణయించుకుంటే, కొన్ని వారాలకొకసారి అల్ట్రాసౌండ్, రక్తపరీక్షలు తప్పనిసరి, ఏ మార్పు వస్తే శస్త్రచికిత్సకు వెళతామో ముందే వైద్యునితో తేల్చుకుని ఉండాలి.

ఆహారం మానేయడం, వాంతులు, చిగుళ్లు లేదా కళ్లు పచ్చబడటం, పొట్ట ముట్టుకుంటే ముడుచుకోవడం, జ్వరం, అకస్మాత్తుగా నీరసించడం, వీటిలో ఏది కనిపించినా మరుసటి రోజుకు వాయిదా వేయకండి. ఆ రాత్రే తీసుకువెళ్లండి. పొట్టలో ద్రవం ఉంటే, దానిలోని బిలిరుబిన్ రక్తంలో ఉన్నదానికి రెట్టింపో అంతకన్నా ఎక్కువో ఉందా అని చూసి, పిత్తరసం కారుతోందేమో వైద్యులు నిర్ధారించగలరు.

మరొక సభ్యుల సమాధానం (శస్త్రచికిత్స విభాగం)

పై మాటలతో పూర్తిగా ఏకీభవిస్తూ, ఒక్క విషయం చేర్చుతున్నాను. తొలగించిన పిత్తాశయాన్ని సూక్ష్మదర్శిని పరీక్షకు, పిత్తరసాన్ని కల్చర్‌కు (సూక్ష్మజీవులను పెంచి గుర్తించే పరీక్షకు), వీలైతే చిన్న కాలేయ ముక్కను బయాప్సీకి పంపమని ముందే కోరండి. కల్చర్‌లో ఈ.కోలై వంటివి పెరిగితే యాంటీబయాటిక్‌ను ఊహతో కాక ఫలితాన్ని బట్టి ఎంచుకోవచ్చు. శస్త్రచికిత్స తరువాత క్లోమం వాపు రావడం కూడా కోలుకోవడాన్ని దెబ్బతీసే కారణాల్లో ఒకటి కనుక, వాంతులు, పొట్టనొప్పి తగ్గుతున్నాయా, తిండి మొదలైందా అన్నవి ఆసుపత్రిలో ఉన్నప్పుడే రోజూ అడిగి తెలుసుకోండి.