సప్తపది జరగని పెళ్లి చెల్లుతుందా?

ప్రశ్న: మా తమ్ముడి కుమార్తె వివాహం ఈమధ్యే ఒక ఆలయంలో జరిగింది. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు సక్రమంగానే జరిగాయి కానీ, మండపం తరువాతి పెళ్లివారికి అప్పగించవలసి రావడంతో హోమం, సప్తపది చేయించకుండానే ఆశీర్వచనంతో ముగించారు. ఇప్పుడు వియ్యాలవారి వైపు పెద్ద ఒకరు, సప్తపది లేనిదే శాస్త్రప్రకారం అది పెళ్లే కాదని అంటున్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మాయి కుమిలిపోతోంది. శాస్త్రమూ చట్టమూ ఏమంటున్నాయో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం: అమ్మా, ఆ పెద్దాయన మాటకు ఆధారం లేకపోలేదు. పాణిగ్రహణ (వరుడు వధువు చేయి పట్టుకోవడం) మంత్రాల వల్లనే భార్యాత్వం సిద్ధిస్తుందని, ఆ మంత్రాలకు పరిపూర్తి ఏడవ అడుగుతోనేనని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం చెబుతోంది. అయితే శాస్త్రం అక్కడితో ఆగలేదు. దేశాచారాలు, గ్రామాచారాలు అనేక విధాలుగా ఉంటాయని, వివాహంలో వాటిని పాటించాలని ఇంటి శుభకార్యాల విధులు చెప్పే ప్రాచీన గ్రంథాల్లో ఒకటైన ఆశ్వలాయన గృహ్యసూత్రం స్పష్టంగా విధించింది. మరొక గృహ్యసూత్రకర్త ఆపస్తంబుడైతే ఇంకొక అడుగు ముందుకు వేసి, వివాహంలో చేయవలసిన ఆచారాలను ఇంటి స్త్రీలను అడిగి తెలుసుకోమన్నాడు. మనం ప్రాణసమానంగా చూసుకునే మంగళసూత్రధారణ సైతం గృహ్యసూత్రాల్లో కనబడదు, అప్పుడు చదివే ‘మాంగల్యం తంతునానేన’ శ్లోకం వేదమంత్రమూ కాదు. అంటే ఆచారానికి పెళ్లిలో ఇంతటి స్థానం ఇచ్చింది శాస్త్రమే కనుక, ఆచారాన్ని పక్కనపెట్టి శాస్త్రం పేరుతో ఒక పెళ్లిని కొట్టిపారేయడం సరికాదని నా దృఢమైన అభిప్రాయం.

1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా ఇదే దారిలో నడిచింది. వధూవరులలో ఏ ఒక్కరి ఆచారం ప్రకారం జరిపినా వివాహం చెల్లుతుందని 7వ సెక్షన్ అంటుంది. ఆ ఆచారంలో సప్తపది ఒక భాగమైనప్పుడు మాత్రం ఏడవ అడుగు వేసిన క్షణాన వివాహం పూర్తవుతుందని చెబుతుంది. కాబట్టి మీరు తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: మీ ఇళ్లలో తరతరాలుగా పెళ్లి ఏ క్రియతో పూర్తయినట్లు భావిస్తున్నారు? రెండు కుటుంబాల్లోని వృద్ధులను, ముఖ్యంగా అమ్మమ్మలను, నాయనమ్మలను, తమ పెళ్లిళ్లు ఎలా జరిగాయో అడగండి. ఏదో ఒక వైపు తాళి కట్టడంతోనే పెళ్లి పూర్తయినట్లు చాలాకాలంగా, ఎడతెగకుండా పాటిస్తున్న ఆచారం ఉంటే, మీ అమ్మాయి పెళ్లికి లోటేమీ లేదు.

అనుబంధ ప్రశ్న: వివాహ నమోదు ధ్రువపత్రం తీసుకున్నాము. అది చేతిలో ఉండగా ఈ చర్చ అవసరమా?

సమాధానం: అవసరమేనండి. నమోదు అనేది జరిగిన పెళ్లికి సాక్ష్యం మాత్రమే, అది పెళ్లిని సృష్టించదు. ఏ క్రియా జరపకుండా కేవలం ధ్రువపత్రం తెచ్చుకున్నంత మాత్రాన హిందూ వివాహం జరిగినట్లు కాదని సుప్రీంకోర్టు 2024లో తేటతెల్లం చేసింది. వీసా కోసం ముందు నమోదు చేయించుకుని పెళ్లి తరువాత చూద్దామనుకునే కుటుంబాలు దీన్ని గమనించాలి. క్రతువు వద్దనుకునేవారికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం వేరే ఉంది. అలాగని నమోదును నిర్లక్ష్యం చేయకూడదు. అన్ని వివాహాలనూ నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2006లోనే ఆదేశించింది.

మరొక సభ్యుని ప్రశ్న: మాది మేనరికం. చట్టం నిషేధించిన వరుసల్లో మేనమామ, మేనకోడలు కూడా ఉన్నారని విని భయపడుతున్నాము.

సమాధానం: నిషేధం ఉన్నమాట నిజమే కానీ, ఇరుపక్షాల ఆచారం అనుమతిస్తే ఆ నిషేధం వర్తించదని హిందూ వివాహ చట్టం 5వ సెక్షనే చెబుతోంది. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని చేసుకోవడం దాక్షిణాత్యుల ఆచారమని ప్రాచీన ధర్మసూత్రకర్త బౌధాయనుడు ఏనాడో పేర్కొన్నాడు. మేనమామను చేసుకోవడం కూడా మీ కులంలో తరతరాలుగా ఉన్నదైతే భయం అక్కరలేదు. సగోత్రం గురించీ కొందరు అడుగుతుంటారు. 1946 నాటి చట్టంతోనే ఆ అభ్యంతరం తొలగిపోయింది. కానీ భార్య లేదా భర్త జీవించి ఉండి, విడాకులు లేకుండా చేసుకున్న రెండవ పెళ్లిని ఏ మంత్రమూ, ఏ ఆచారమూ నిలబెట్టలేదు.

ఈ సందర్భంలో ఒక విషయం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. 1965లో సుప్రీంకోర్టు విచారించిన భావురావ్ లోఖండే కేసులో, రెండవ పెళ్లిలో హోమం, సప్తపది జరిగినట్లు రుజువు కాలేదన్న కారణంతో నిందితుడిపై ద్విభార్యా నేరం నిలవలేదు. క్రతువులో మిగిలిన లోపం స్త్రీకి ఎంత అన్యాయం చేయగలదో దీన్నిబట్టి అర్థమవుతుంది. అందుకే ఆడపిల్ల తల్లిదండ్రులు మండపం గడియ ముగిసిందని, భోజనాలకు వేళ మించిందని క్రతువును సగంలో వదలనివ్వకూడదు.

మొదటి సభ్యురాలి స్పందన: అడిగి చూశాము. రెండు ఇళ్లలోనూ సప్తపది ఉన్నదేనని పెద్దలు చెప్పారు. ఇప్పుడు ఏమి చేయాలి?

సమాధానం: అయితే ఆలస్యం చేయకుండా మంచిరోజు చూసి, మీ ఇంటి సూత్రం తెలిసిన పురోహితులచేత పాణిగ్రహణం, సప్తపది, లాజహోమం (పేలాలతో చేసే హోమం) అగ్నిసాక్షిగా చేయించండి. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మాంగల్యధారణ మళ్లీ చేయాలా అన్నది పురోహితుని నిర్ణయానికి వదిలేయండి. ఏడడుగులు వేస్తున్నప్పుడు వీడియో తీయించి, ఇరువైపుల నుంచి ఇద్దరేసి పెద్దలు సాక్షులుగా ఉండేలా చూసుకోండి. ధ్రువపత్రంలోని పెళ్లి తేదీని మార్పించాలా అన్నది మాత్రం ఒక న్యాయవాదికి కాగితాలన్నీ చూపించి తేల్చుకోండి. ఆ పెద్దాయనను కూడా తప్పక పిలవండి, అక్షతలు వేసేవారిలో ఆయనే ముందుండాలని అడగండి.